బ్రాందీ షాపు తగలని దారి: కైకలూరు నుంచి గూడెం

మా రేష్మాకి కొడుకు పుట్టాడు. మేము తరతరాలుగా దూది ఏకి పరుపులు కుట్టుకునే దూదేకుల వాళ్ళం. మా ఇంట్లో తొలి కాన్పు బిడ్డని ఉయ్యాల్లో వేసే రోజు, వాడి కింద పరిచే బుల్లి పరుపు తల్లిని కన్న తండ్రే కుట్టి, తన చేత్తో వెయ్యాలి. బజార్లో కొని వేస్తే బంధువులు జీవితాంతం గుర్తుపెట్టుకుంటారు. ఆ కుట్టాల్సినవాడు, రేష్మా తండ్రి, నా తమ్ముడు సైదులు. వాడు తాగి తాగి ఇల్లు వదిలేసి, ఏలూరు స్టేషను ప్లాట్‌ఫారం మీద పడుకుంటూ కొన్నేళ్ళు గడిపాడు. పోయిన ఏడాది కైకలూరు అవతల ఒక పాస్టరు గారు నడిపే హోము వాళ్ళు వాణ్ణి లేపి తీసుకెళ్ళారు. ఇల్లు లేనివాళ్ళని చేరదీసి, తాగుడు మాన్పించి, ఏదో ఒక పనిలో పెడతారట. తల్లి పోయాక రేష్మాని పెంచింది నేనే. ఇప్పుడు పురిటికి కూడా తాడేపల్లిగూడెంలో మా ఇంట్లోనే ఉంది.

"అత్తా, నువ్వెళ్ళి నాన్నని చూడు. నువ్వు సరే అంటే తీసుకురా. లేకపోతే వద్దు. పసివాడి ముందు మళ్ళీ ఆ గోల నేను పడలేను" అంది రేష్మా. పక్కనున్న అల్లుడు నవ్వాడు. "అత్తగారు దేనికైనా సరే అనగా ఎవరైనా విన్నారా?" అన్నాడు. అబద్ధం కాదు. ఈ అల్లుడి సంబంధం చూసినప్పుడు కూడా నేను "చూద్దాం" అన్నాను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను.

ఇలాంటి హోముల్లో మనవాళ్ళుంటే ఎలా వెళ్ళాలో, వెంట ఏం తీసుకెళ్ళాలో చెప్పేవాళ్ళు దొరకరు. అందుకే ఇది రాయిస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి. నేను చెబుతుంటే రేష్మా టైపు చేస్తోంది. ముందు రోజు సాయంత్రమే సంచి సర్దాను. ఆధార్ కార్డు, అది పోతే ఉండాలని దాని జిరాక్సు, అది తడిస్తే ఉండాలని ఇంకో జిరాక్సు, గొడుగు, బస్సులో వికారానికి నిమ్మకాయ, కళ్ళు తిరిగితే బెల్లం ముక్క పెట్టుకున్నాను. తమ్ముడి తలకి పెడదామని ఇంట్లో వండిన ఆముదం కూడా ఒక సీసాలో పోసుకున్నాను. జాగ్రత్తలో నాకు సాటి లేదని ఆ పూట అనుకున్నాను.

గూడెంలో ఉదయం ఏడు దాటాక ప్యాసింజరు ఉంటుంది. ఏలూరుకి టికెట్టు ముప్ఫై రూపాయల లోపే, గంట పైగా పడుతుంది. బయలుదేరే ముందు రైల్వే సైటులో ఒకసారి చూసుకోండి, వేళలు మారుతుంటాయి. ఏలూరులో దిగాక నేను వెంటనే బయటికి రాలేదు. సైదులు పడుకునే చోటు ప్లాట్‌ఫారం చివర కుళాయి పక్కన అని ఎవరో చెప్పగా విన్నాను. వెళ్ళి చూశాను. అక్కడ ఇప్పుడు వేరే మనిషి పడుకుని ఉన్నాడు, తల కింద రెండు చెప్పులు పెట్టుకుని. ఊరందరికీ పరుపులు కుట్టిన మా వాడు ఈ గచ్చు మీదే పడుకున్నాడు. దారిలో తిందామని తెచ్చుకున్న ఇడ్లీ పొట్లం ఆ మనిషి పక్కన పెట్టి వచ్చేశాను. రెండడుగులు వేశాక చట్నీ పాడైందేమోనని భయమేసి వెనక్కి వెళ్ళాను. అప్పటికే లేచి తింటున్నాడు. "బాగుందా బాబూ?" అన్నాను. "కారం తక్కువైందండి" అన్నాడు. మనసు కుదుటపడింది.

స్టేషను నుంచి బస్టాండుకి షేర్ ఆటో ఇరవై రూపాయలు. కైకలూరు బస్సులో ఆడవాళ్ళకి టికెట్టు ఉచితం, ఆధార్ చూపిస్తే చాలు. కండక్టరు సున్నా రూపాయల టికెట్టు చేతిలో పెట్టాడు.

"ఏవండీ, డబ్బు తీసుకోలేదు కదా. మరి మా బాధ్యత మీకుంటుందా?" అనడిగాను.

"టికెట్టు ఇచ్చాను కదండీ మామ్మగారూ."

"సున్నా అని ఉందండి. బస్సు కొల్లేట్లో పడితే సున్నా ఇస్తారా?"

"నేనూ ఇదే బస్సులో ఉన్నానండి. పడితే ఇద్దరం కలిసే వెళ్ళి అడుగుదాం" అని ముందుకి వెళ్ళిపోయాడు.

ఏలూరు దాటిన కాసేపటికి రోడ్డు తప్ప మిగతాదంతా నీళ్ళే. ఒకవైపు గుర్రపుడెక్క పరుచుకున్న కొల్లేరు, ఇంకోవైపు చేపల చెరువులు, వాటిలో నీళ్ళని చిలుకుతూ తిరిగే మిషన్లు. తెల్లటి గూడబాతులు గట్ల మీద పంచాయితీకి వచ్చిన పెద్దల్లా కూర్చుని ఉన్నాయి. చూడటానికి చాలా బాగుంటుంది. కుడివైపు కిటికీ పక్కన కూర్చోండి. నేను ఎడమవైపు కూర్చున్నాను, తలుపు అటే ఉంది కాబట్టి. గంటన్నరలో కైకలూరు చేరాం.

అక్కణ్ణుంచి కలిదిండి వెళ్ళే రోడ్డు మీద కొంత దూరం వెళ్ళి, చెరువు గట్టు మీదకి తిరగాలి. ఆటో యాభై అడిగాడు, నలభైకి వచ్చాడు. ఎక్కడికో చెప్పగానే డ్రైవరు మొహం వెలిగింది.

"పాస్టరు గారి హోముకాండీ? ఎక్కండి. నేనూ అక్కడ చదివినవాణ్ణే."

"ఏం చదివావు బాబూ?"

"తాగకుండా ఉండటం అండి. రెండుసార్లు తప్పాను, మూడోసారి పాసయ్యాను."

అప్పటికి ఆటో గట్టెక్కింది. అటు చెరువు, ఇటు చెరువు, మధ్యలో ఆటో పట్టేంత మట్టి. రెండుసార్లు తప్పినవాడి చేతిలో నా ప్రాణం. "పూర్తిగా పాసయ్యావా, ఇంకేమైనా మిగిలిందా?" అని మెల్లగా అడిగాను.

"రోజూ పరీక్షేనండి మామ్మగారూ. ఇవాళ్టి వరకు పాస్" అన్నాడు. అది చెప్పడానికి వెనక్కి తిరిగాడు. మళ్ళీ వెనక్కి తిరుగుతాడేమోనని ఆ తర్వాత ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

హోము గేటు దగ్గర నాగేశ్వరరావు గారని ఒకాయన ఉన్నారు. ఒకప్పుడు లారీ డ్రైవరు, తాగుడుతో అన్నీ పోగొట్టుకుని ఇక్కడికి వచ్చి బాగుపడి, ఇప్పుడు గేటు చూసుకుంటున్నారు. వచ్చినవాళ్ళ సంచులన్నీ వెతకాలి, అది అక్కడి రూలు. నా సంచిలోంచి ఒక జిరాక్సు తీశారు, రెండో జిరాక్సు తీశారు, నిమ్మకాయ తీశారు. తర్వాత సీసా బయటికి వచ్చింది. దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. నాకూ అప్పుడే కనిపించింది. అది క్వార్టరు బ్రాందీ సీసా. లోపల ఎర్రగా ఆముదం. కాగితం ఎంత కడిగినా సగం పోలేదు.

మా ఇంట్లో సీసాలకి ఎప్పుడూ లోటు లేదు. సైదులు తాగి పారేసినవన్నీ నేను కడిగి ఆరబెట్టి దాచేదాన్ని. నెయ్యి, తేనె, వాము నీళ్ళు, అన్నీ వాటిలోనే. చూసి చూసి అవి ఏ సీసాలో నా కంటికి కనిపించడమే మానేశాయి.

"అది ఆముదమండి" అన్నాను.

"అందరూ ఏదో ఒకటి చెబుతారండి. పోయిన వారం ఒకాయన తీర్థం అన్నారు" అని లోపల్నుంచి ఇద్దరు పెద్దమనుషుల్ని పిలిచారు. ముగ్గురూ సీసా చేతులు మార్చుకుంటూ వాసన చూశారు. ఒకాయన కళ్ళు మూసుకుని ఆలోచించి, "తెలియట్లేదు బ్రదర్. చాలా రోజులైంది కదా" అన్నారు. నాగేశ్వరరావు గారికి అనుమానం తీరలేదు. చుక్క చాలండీ అని నేనంటూనే ఉన్నాను, ఆయన ఒక గుక్క వేశారు.

చాలాసేపు మొహంలో ఏ మార్పూ లేదు. తర్వాత మర్యాదగా మూత బిగించి, సీసా రెండు చేతులతో నాకిచ్చి, "ఆముదమేనండి" అన్నారు.

"పొద్దున్న ఏమైనా తిన్నారా బాబూ?" అన్నాను.

"ఇంకా లేదండి."

పరగడుపున ఆముదం తాగితే కడుపు ఏమవుతుందో మా ఇంట్లో పిల్లలకి కూడా తెలుసు. ఇక ఆయనకి చెప్పి ప్రయోజనం లేదు. మధ్యాహ్నం ప్రార్థనకి గేటు దగ్గర వేరే మనిషి ఉన్నాడు.

పాస్టరు గారు సాంబారు బకెట్టుతో ఎదురొచ్చారు. పెద్ద మనిషి, నెమ్మదైన మాట. "సైదులు అక్కగారా? రండమ్మా, ముందు ప్రార్థన, తర్వాత భోజనం, తర్వాత మాట" అన్నారు. హాల్లో అరవైమందిదాకా మగవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. వెనక కుర్చీలో నేను. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను ఒక కన్ను మూసి, రెండోది సంచి మీద పెట్టాను. పైగా క్రైస్తవ ప్రార్థనలో కళ్ళు మూశానని మా మసీదువాళ్ళకి తెలిస్తే ఏమంటారోనని ఒక భయం, మూయకపోతే వీళ్ళ దేవుడు ఏమనుకుంటాడోనని ఇంకో భయం. పాస్టరు గారు రోగుల కోసం, దిక్కులేని వాళ్ళ కోసం అడిగి, "ఇవాళ మా దగ్గరికి వచ్చిన అక్కగారిని క్షేమంగా చేర్చావు" అన్నారు. ఆయన నా పక్కనే నిలబడి ఉన్నారు కాబట్టి, "తిరుగు ప్రయాణం కూడా చెప్పండి" అని గుసగుసగా అన్నాను. కళ్ళు తెరవకుండానే అదీ చేర్చారు. అప్పుడు రెండో కన్ను కూడా మూశాను.

సైదులు ఆ హాల్లో లేడు. వెనక రేకుల షెడ్డులో పరుపులు కుడుతున్నాడట, పని మధ్యలో వదిలితే సూది ఎక్కడో ఉండిపోతుందని ప్రార్థన అక్కడే చేసుకుంటాడట. వెళ్ళేసరికి వాడు సూదులు లెక్కపెడుతున్నాడు. ఒళ్ళు కొంచెం నిండింది. గడ్డం తీశాడు. బుగ్గ మీద బూరుగు దూది అంటుకుని ఉంది. నన్ను చూసి లేచాడు. ఏడుస్తాడనుకున్నాను, కాళ్ళ మీద పడతాడనుకున్నాను, నేనేం చెయ్యాలో కూడా దారంతా అనుకుంటూ వచ్చాను.

"ఇంటికి తాళం వేశావా అక్కా?" అన్నాడు.

"రేష్మా ఉందిరా ఇంట్లో."

"పొయ్యి మీద ఏమైనా పెట్టి వచ్చావా?"

"లేదు. మధ్యాహ్నం పాలు కాచుకోమని దానికి చెప్పాను."

"పసివాడు పడుకుంటే అదీ పడుకుంటుంది. పాలు పొంగి మంట ఆరిపోతే గ్యాసు ఇల్లంతా నిండదా?"

నా జన్మలో నన్ను ఎవరూ ఇలా అడగలేదు. నేనే అందర్నీ అడుగుతాను. అయినా ఇది నాకు తట్టలేదు. వెంటనే పాస్టరు గారి ఫోను తీసుకుని రేష్మాకి చేశాం. చాలాసేపు మోగాక నిద్ర గొంతుతో ఎత్తింది. "పొయ్యి చూడవే" అన్నాను. "అయ్యో అత్తా, పాలు" అని పరుగెత్తింది. గిన్నె మాడింది, ఇల్లు మిగిలింది.

ఫోను తిరిగిచ్చాక షెడ్డు గుమ్మంలో కూర్చుండిపోయాను. తాగినన్నాళ్ళూ వీడికి ఏ భయమూ లేదు. ఒకసారి గాలివానకి ఇంటి మీద రేకు లేచిపోయి నేను అరుస్తుంటే, పడుకునే పైకి చూసి ఆకాశం బాగుందన్నాడు. అద్దె కట్టకపోయినా, పిల్లకి జ్వరమొచ్చినా, "ఏం కాదక్కా" అన్న మాటే. ఆ మాట విని విని నాకు కడుపు మండేది. ఇవాళ వాడు పాల గురించి భయపడ్డాడు.

పాస్టరు గారు అన్నం కంచాలు తెప్పించారు. "మొదట్లో ఏలూరు పెద్దాసుపత్రిలో ఉంచామండి, చేతులు బాగా వణికేవి. తేరుకున్న రెండు నెలలకి ఇలా మొదలైంది. రోజూ గేటు చూస్తారు, మోటారు చూస్తారు, సిలిండరు చూస్తారు. కంగారుపడి డాక్టరు గారికి కూడా చూపించాం. జబ్బేమీ లేదన్నారు. మరేంటో అనుకున్నాం. ఇవాళ మిమ్మల్ని చూశాక తెలిసిందండి" అన్నారు.

అన్నం తింటూ తమ్ముణ్ణి అడగాల్సింది అడిగేశాను. "మతం కూడా మారావా?"

"ఎవరూ అడగలేదక్కా. ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే నాకు నాన్న కనిపిస్తాడు, దూది ఏకుతూ. ఏ దేవుడు పంపాడో నేనూ అడగలేదు" అన్నాడు. అని లోపలికి వెళ్ళి ఒక పాత చీర గుడ్డలో చుట్టిన బుల్లి పరుపు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. రెండు మూరల పొడవు కూడా లేదు. మనవడు పుట్టాడని కబురు అందిన రోజే కుట్టాడట. లోపల సూది ఉండిపోయిందేమోనని మూడుసార్లు విప్పి మళ్ళీ కుట్టాడట.

"నువ్వు తీసుకెళ్ళక్కా. నేను రాను."

"నువ్వే వెయ్యాలి కదరా ఉయ్యాల్లో."

"గూడెం బస్టాండు నుంచి ఇంటికి దారిలో మూడు బ్రాందీ షాపులు. ఏలూరు మీదుగా వస్తే ప్లాట్‌ఫారం మీద నా వాళ్ళందరూ ఉంటారు, రారా అంటారు. ఒక్కటి దాటగలను. రెండు దాటగలను. మూడోది చెప్పలేను. తాగి వెళ్ళి పసివాణ్ణి ఎత్తుకుంటే?"

ఇంకెవరైనా అయితే ఏం కాదులే రమ్మనేవారు. నాకు ఆ మాట నోటికి రాదు. "ఏలూరు వద్దు" అన్నాను. "ఆకివీడు, భీమవరం మీదుగా బస్సులో పోదాం. ఆకివీడు స్టాపులో షాపు ఉంటే?"

"ఎడమవైపు ఉంది. కుడివైపు కూర్చోవాలి" అన్నాడు.

"భీమవరంలో బస్సు మారాలి. అప్పుడు నా సంచి నీ రెండు చేతులతో పట్టుకో. గూడెంలో బస్టాండు దాకా పోకుండా ముందే దిగి, ఉల్లిపాయల మార్కెట్టు వెనక సందులోంచి పోదాం. అక్కడ షాపు లేదు."

"కొత్తగా పెట్టారేమో?"

"నాలుగు రోజుల కింద చూశాను, లేదు. ఈ నాలుగు రోజుల్లో పెడితే?" అన్నాను. రేష్మాకి మళ్ళీ ఫోను చేసి, అల్లుణ్ణి పంపి చూడమన్నాం. అల్లుడు బండి మీద వెళ్ళి చూసి లేదన్నాడు. సందు రెండో చివర కూడా చూడమన్నాం. మా కంచాల్లో అన్నం చల్లారిపోయింది. పాస్టరు గారు రెండుసార్లు మజ్జిగ తాగారు.

చివరికి ఆయన అన్నారు: "అమ్మా, ఇక్కడికి వచ్చే ఇంటివాళ్ళందరూ, ఏం పర్లేదండీ మేం చూసుకుంటాం అంటారు. అలా అన్నవాళ్ళ వెంట పంపినవాళ్ళు తాగి తిరిగొచ్చారు, కొందరు తిరిగే రాలేదు. నమ్మకం లేదన్నవాళ్ళు మీరే మొదటివారు. మీతో పంపుతానండి. మూడు రోజులు."

బయలుదేరే ముందు రేష్మాకి మూడోసారి ఫోను. "అత్తా, నాన్నని చూశావు కదా. సరేనా?" అంది. అవతల అల్లుడు కూడా వింటున్నాడని తెలుస్తోంది.

"సరే కాదు. నాకు భయంగానే ఉంది. వాడికీ భయంగానే ఉంది. తీసుకొస్తున్నాను" అన్నాను.

తిరుగు దారి ఐదు గంటలు పట్టింది. కైకలూరు నుంచి భీమవరం, అక్కణ్ణుంచి గూడెం, తమ్ముడికి రెండు టికెట్లూ కలిపి నూట యాభై లోపే. భీమవరం బస్సులో కుడివైపు ఆడవాళ్ళ సీట్లే ఖాళీ. సైదుల్ని నాకూ ఇంకొకావిడకీ మధ్య కూర్చోబెట్టాను. కండక్టరు వచ్చి, "మగవాళ్ళు లేవాలండీ" అన్నాడు. "ఎడమవైపు కూర్చోకూడదండి ఈయన" అన్నాను. ఎందుకని అడిగాడు. చెప్పాను. కండక్టరు ఒక క్షణం ఆలోచించి, ఆకివీడు స్టాపులో ఎడమ కిటికీకి అడ్డంగా నిలబడి టికెట్లు కొట్టాడు. సైదులు పరుపు ఒళ్ళో పెట్టుకుని తల వంచుకునే ఉన్నాడు. పరుపు అంచు కుట్లు ఒక్కొక్కటే వేలితో లెక్కపెట్టాడు. నేను చూడనట్టే ఉన్నాను.

మర్నాడు ఉయ్యాల్లో పరుపు వాడే వేశాడు. వేసే ముందు అరచేత్తో అంగుళం అంగుళం తడిమాడు, తిప్పి ఇంకోసారి తడిమాడు, ఇంకోసారి తడుముతుంటే నేను కూడా తడిమాను. బంధువులందరూ నిలబడి చూస్తున్నారు. రేష్మా పిల్లవాణ్ణి తండ్రి చేతుల్లో పెట్టింది. "జాగ్రత్త నాన్నా" అంది. ఆ ఇంట్లో ఆ మాట వాడికి చెప్పాల్సిన అవసరం ఇక లేదని నాకొక్కదానికే తెలుసు.

మూడో రోజు వాణ్ణి అదే దారిలో తిరిగి దింపి వచ్చాను. ఇంకా కొన్నాళ్ళు అక్కడే ఉంటానన్నాడు, ఆటో డ్రైవరు చెప్పినట్టు రోజూ పరీక్షే. నా జీవితమంతా నా భయాన్ని చూసి నవ్వినవాళ్ళే. నేనూ అదొక జబ్బు అనుకునేదాన్ని. మా వాడు మళ్ళీ భయపడటం చూశాకే, పోయిన మనిషి తిరిగొచ్చాడని తెలిసింది. ఇప్పుడు ఆదివారం ఆదివారం హోము ఫోను నుంచి చేస్తాడు. ముందు పొయ్యి సంగతి అడుగుతాడు, తర్వాత మనవడి సంగతి. కట్టేశానని చెబుతాను. ఫోను పెట్టేశాక వెళ్ళి చూసి వస్తాను.

మీవాళ్ళని ఇలా ఇంటికి తీసుకురావాలంటే నేను చెప్పేది ఒక్కటే: ముందు రోజు మీ బస్సు దిగే చోటు నుంచి మీ గుమ్మం దాకా ఒకసారి నడిచి, షాపు తగలని సందు ఏదో చూసుకుని వెళ్ళండి. ఆముదం పట్టుకెళితే మాత్రం స్టీలు డబ్బాలో పట్టుకెళ్ళండి. గేటు దగ్గర ఇప్పటికీ నాగేశ్వరరావు గారే ఉన్నారు.